ఐదింటి ఎండలో దూరం పరీక్ష

రెల్లు గడ చివర మాటను నిలిపినవాడూ, సిరాకు నలుపునూ కాగితానికి తెలుపునూ ఇచ్చినవాడూ, నా వేళ్లకు ఇన్నేళ్లపాటు వణుకు రాకుండా కాచినవాడూ అయిన అల్లాహ్‌కే స్తోత్రం. ఆయన ప్రవక్తపై శాంతి కలుగుగాక. దేవుడు కప్పి ఉంచిన తప్పును మనిషి తనంతట తాను విప్పి చూపకూడదని మా పెద్దలు చెబుతారు. అది నాకు తెలుసు. కాని నేను చెప్పబోయే తప్పు ఫ్యాక్టరీ కాగితాల్లో నా చేతిరాతతో, ఎర్ర సిరాలో ఇప్పటికే ఉంది. కొత్తగా విప్పేదేమీ లేదు. అక్షరాలు గీయడం మీద ఆసక్తి ఉన్నవారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

నా పదవీ విరమణకు రెండేళ్ల ముందు, మార్చి నెల మొదటి సోమవారం, మేడ్చల్ పారిశ్రామికవాడలోని మా బోర్డుల ఫ్యాక్టరీకి ఒక ఫంక్షన్ హాలు పని వచ్చింది. అప్పటికి నేను అక్కడ సీనియర్ లెటరింగ్ ఆర్టిస్టుని, డ్రాయింగ్ సెక్షన్‌కు ఇన్‌చార్జిని. మా దగ్గర హోదాలు స్పష్టంగా ఉండేవి. అందరికన్నా కింద వీడింగ్ బల్ల. దాని పైన కటింగ్ మిషన్ ఆపరేటర్లు. ఆ పైన లెటరింగ్ ఆర్టిస్టు గ్రేడ్ టూ, గ్రేడ్ వన్. వాళ్లందరి మీద నేను. గ్రేడ్ టూ కుర్చీ ఏడాదిగా ఖాళీగా ఉంది. ఆ కుర్చీ మీద నా పాత కాగితం చుట్టలు పెట్టుకునేవాణ్ని.

హాలు యజమాని జంగారెడ్డి గారు. హైవే పక్కన తాతల నాటి పొలంలో కొంత ప్లాట్లు చేసి అమ్మి, మిగిలిన దాంట్లో ఈ హాలు కట్టారు. దానికి వాళ్ల అవ్వ పేరు పెట్టారు: లచ్చవ్వ గార్డెన్స్. మాకు అప్పగించిన పని రెండు భాగాలు. కమాను మీద మనిషి ఎత్తు లోహపు అక్షరాలతో పెద్ద పేరు ఒకటి. అదే పద్ధతి అక్షరాలతో లోపల భోజనశాల, పెళ్లికూతురి గది, పార్కింగు వంటి చిన్న బోర్డులు. అంటే ఒక్క పేరు గీస్తే చాలదు, ఒక అక్షర కుటుంబాన్నే తయారు చేయాలి. పదవీ విరమణకు ముందు నాకు దొరికిన చివరి పెద్ద పని ఇదేనని నాకు అర్థమైంది. నా చేతి అక్షరాలు హైవే మీద నిలబడతాయి. శామీర్‌పేటలోని మా ఇంటి నుంచి అటుగా వెళ్లినప్పుడల్లా చూసుకోవచ్చు.

నేను మొదట నేర్చుకున్నది ఉర్దూ ఖత్, అంటే అందమైన చేతిరాత విద్య. చిన్నప్పుడు మసీదు పక్క మదరసాలో ఉస్తాద్ రెల్లు కలాన్ని ఏటవాలుగా చెక్కి ఇచ్చేవారు. ఆ కలాన్ని కాగితం మీద ఒక్కసారి ఒత్తితే పడే చుక్కే మాకు కొలబద్ద. ఏ అక్షరం ఎన్ని చుక్కల ఎత్తు ఉండాలో, ఎన్ని చుక్కల వెడల్పు ఉండాలో లెక్క ఉంటుంది. తర్వాత గోడల మీద తెలుగు రాయడం మొదలుపెట్టినప్పుడు అదే కొలతను తెలుగుకు తెచ్చుకున్నాను. తలకట్టు ఇన్ని చుక్కలు, వత్తు ఇన్ని చుక్కలు. నా అక్షరాలు అన్నివైపులా ఒకే లావుగా, పోత పోసినట్టు ఉంటాయని అందరూ అనేవారు. నేనూ అదే అనుకునేవాణ్ని.

అందమైన రచన దేన్ని చూసినా, అది ఎవరిదైనా సరే, మాషా అల్లాహ్ అనడం నా అలవాటు. దేవుడు తలచాడు కాబట్టి ఇది ఇలా ఉంది అని దాని భావం. మంచి దాన్ని చూసినప్పుడు ఆ మాట ముందు నోట రావాలనీ, అప్పుడు చూసినవాడి కన్ను ఆ వస్తువుకు చెరుపు చేయదనీ మా ఉస్తాద్ చెప్పారు. అప్పటి నుంచి నేను ఆ మాట మరచిపోలేదు.

ఇక యాదమ్మ గురించి చెప్పాలి. ఆమె జవహర్‌నగర్ నుంచి ఫ్యాక్టరీ ఆటోలో వచ్చే వీడింగ్ వర్కర్. వయసు ముప్పై దాటి ఉంటుంది. వీడింగ్ అంటే కలుపు తీయడమే. మిషన్ వినైల్ కాగితం మీద అక్షరాల అంచులు కోసి వదిలేస్తుంది. అక్షరం చుట్టూ ఉన్న వ్యర్థాన్ని, అక్షరం లోపల చిక్కుకున్న చిన్న చిన్న ముక్కల్ని పట్టుకారుతో లాగెయ్యాలి. లోపలి ఖాళీని మేము పొట్ట అంటాం. తెలుగులో పొట్టలు ఎక్కువ. ఒక పెద్ద బోర్డుకు వందల ముక్కలు వస్తాయి. ఆమె ఆరేళ్లుగా ఆ పని చేస్తోంది. చేతివేగం ఉంది, నోటివేగం అంతకన్నా ఎక్కువ. జవహర్‌నగర్ చెత్త డంపు గాలి ఇటు తిరిగిందని ఎవరైనా ముక్కు మూసుకుంటే, “మా బస్తీ మిమ్ముల్ని యాద్ జేస్తాంది సార్” అనేది.

రెండో వారంలో జంగారెడ్డి గారు నా నమూనాలు చూడటానికి వచ్చారు. వాటిని బల్ల మీద పరిచి, కాసేపు చూసి, మర్యాదగానే చెప్పారు.

“ఖాజా భాయ్, మా అవ్వ లావు మనిషి. నీ అక్షరాలు గూడ గట్లనే ఉన్నయ్, మంచిదే. గానీ మా అవ్వకు నడక ఉండె. ఊరు మొత్తం సూసేది. గీటికి నడక లేదు.”

అలా చెప్పి చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్లారు. ఎంతకీ తిరిగి రాలేదు. నేను వెళ్లి చూస్తే వీడింగ్ బల్ల దగ్గర నిలబడి ఉన్నారు. గోడకు ఒక తెల్ల కాగితం అంటించి ఉంది. దాని మీద వ్యర్థపు వినైల్ ముక్కలు, అంటే పారేయవలసిన పొట్టలూ అంచులూ, నల్లగా అతికించి ఉన్నాయి. ముక్కల మధ్య మిగిలిన తెలుపులో లచ్చవ్వ అనే పేరు కనిపిస్తోంది. అక్షరాన్ని ఎవరూ గీయలేదు. ముందు ఖాళీలను పేర్చారు, అక్షరం వాటి నడుమ మిగిలింది. ఒకచోట లావుగా, ఒకచోట వెంట్రుకంత సన్నగా. చ కింది వత్తు, వ కింది వత్తు వేలాడకుండా, రెండూ ఒకే వాలులో ముందుకు కదులుతున్నాయి.

“గిది ఎవలు జేసిర్రు?” అన్నారు జంగారెడ్డి గారు.

“నేనే సార్. ఊకె కూసున్నప్పుడు,” అంది యాదమ్మ. “పారేసేటియే, ఏం ఖరాబ్ జెయ్యలే.”

“ఎన్నడు నేర్సుకున్నవ్?”

“నేర్సుకునుడు ఏం లేదు సార్. ఆరేండ్ల సంది గీటి కడుపులకెల్లి పీకుతున్న. ఏది ఎంత ఉండాల్నో సేతికి ఎర్కైంది.”

నేను ఆ కాగితాన్ని చూశాను. మాషా అల్లాహ్ అనే మాట నోట రాలేదు. గొంతు దాకా వచ్చి ఆగిందని చెప్పడం కూడా అబద్ధమే అవుతుంది. అసలు బయల్దేరలేదు. దానికి బదులు, “పరవాలేదు, కొలత లేదు” అన్నాను.

మేనేజర్ శ్రీధర్ గారు వ్యాపారం తెలిసిన మనిషి. ఇద్దరూ పూర్తి పేరు గీసి ఇవ్వాలనీ, రెండింటికీ దూరం పరీక్ష చేద్దామనీ, నెగ్గిన అక్షరాలతోనే హాలు మొత్తం చేద్దామనీ తేల్చారు. యాదమ్మ వైపు తిరిగి, “నీది పాసైతే గ్రేడ్ టూ కుర్చీ నీదే” అన్నారు. ఆమె పట్టుకారును బల్ల మీద పెట్టి, చీర కొంగుకు చేతులు తుడుచుకుంది. నేను ఆ కుర్చీ మీది నా కాగితం చుట్టల గురించి ఆలోచించాను.

దూరం పరీక్ష ఏమిటో చెప్పాలి. అక్షరం బల్ల మీద ఎంత అందంగా ఉన్నా, రోడ్డు మీద వెళ్లేవాడు చదవలేకపోతే అది వృథా. అందుకని లోహం కోసే ముందు పేరును అసలు కొలతలో కాగితం మీద అచ్చు వేసి, కట్టబోయే చోటే వేలాడదీస్తాం. వంద అంగల దూరంలో నిలబడి, దారిన పోయే కొత్త మనిషిని ఆపి చదవమంటాం. జాబ్ కార్డు వెనక ఒక పట్టిక ఉంటుంది: తేదీ, సమయం, బోర్డు ముఖం ఏ దిక్కు, చదివిన మనిషి ఏమన్నాడు, వెనక పట్టా కట్టారా లేదా. ఈ చివరి గడి ముఖ్యం. కమాను మీద కాగితం వెనక ఆకాశమే ఉంటుంది. ఎదురుగా ఎండ ఉంటే కాంతి కాగితంలోంచి దూసుకొచ్చి సన్నని గీతల్ని తినేస్తుంది. అసలు బోర్డుకు వెనక గట్టి రేకు ఉంటుంది కాబట్టి ఆ ఇబ్బంది రాదు. అందుకే పరీక్షలో కాగితం వెనక నల్ల టార్పాలిన్ పట్టా కట్టాలి. ఈ నియమం రాసింది నేనే. పరీక్ష చేసి సంతకం పెట్టవలసింది సెక్షన్ ఇన్‌చార్జి, అంటే నేనే. పోటీ పడేవాడే పరీక్షించకూడదని ఆ రోజు నేను చెప్పి ఉండవలసింది. మేనేజర్ గారికి తట్టలేదు. నాకు తట్టింది. చెప్పలేదు.

ఆ తర్వాతి పది రోజులు నేను ఎలా గడిపానో రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. యాదమ్మకు డ్రాయింగ్ సెక్షన్‌లో ఒక మూల బల్ల ఇచ్చారు. భోజనాల వేళ ఆమె బయట చెట్టు కింద తింటున్నప్పుడు నేను ఆమె బల్ల దగ్గరకు వెళ్లేవాణ్ని. భూతద్దం పెట్టి తప్పులు వెతికేవాణ్ని. రెల్లు కలంతో చుక్కలు పెట్టి ఆమె అక్షరాల ఎత్తూ వెడల్పూ కొలిచాను. లెక్క తప్పుతుందని ఆశపడ్డాను. తప్పలేదు. చుక్కలంటే ఏమిటో తెలియని మనిషి గీసిన చ సరిగ్గా మా ఉస్తాద్ చెప్పిన నిష్పత్తికి వచ్చింది. నేను ఆ నిష్పత్తి పట్టుకోవడానికి పదకొండేళ్లు అరిగాను. ఆమె పారేసే ముక్కల్ని చూసి పట్టుకుంది. నా కోపం ఆమె మీదనో, ఆ విద్యను ఆమెకు పంచిన దేవుడి మీదనో నాకు అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలుసు. మరొకరికి ఇచ్చిన దాన్ని చూసి ఓర్వలేనివాడు ఆ ఇచ్చినవాణ్నే ప్రశ్నిస్తున్నాడు.

కటింగ్ ఆపరేటర్లు పని మధ్యలో ఆమె బల్ల దగ్గర ఆగి చూసేవాళ్లు. ఎంతమంది ఆగారో గమనించేవాణ్ని. నా బల్ల దగ్గర ఎవరూ ఆగరు, సలాం చెప్పి దాటిపోతారు. అంతకుముందు దాన్ని గౌరవం అనుకునేవాణ్ని. ఒకరోజు ఆమె నా దగ్గరకే వచ్చి, “సార్, గీ ర్డ కింద వత్తు బరువైందా? జర సూడుర్రి” అని అడిగింది. బరువైన మాట నిజం. ఒక వీసం తగ్గిస్తే సరిపోతుంది. “నాకేం కనబడటం లేదు” అన్నాను. ఆమె నా వంక ఒక క్షణం చూసి, “అట్లనా” అని వెళ్లిపోయింది. మర్నాటికి తనే సరిచేసుకుంది.

పరీక్ష రోజు నా కాగితాన్ని ఉదయం తొమ్మిదింటికి కట్టించాను. హాలు తూర్పు ముఖం. ఎండ నేరుగా అక్షరాల మీద పడుతోంది. వెనక పట్టా కట్టించాను. కండ్లకోయ కాలేజీ బస్సు కోసం నిలబడిన ఒక అమ్మాయి తడుముకోకుండా చదివింది. యాదమ్మ కాగితాన్ని అదే గంటలో కట్టించవచ్చు. కాని మధ్యాహ్నం ఇంకో సైటులో పని ఉందని చెప్పి, సాయంత్రం ఐదింటికి పెట్టాను. ఐదింటికి ఫ్యాక్టరీ ఆటో వెళ్లిపోతుంది కాబట్టి ఆమె రాలేదు. మేనేజర్ గారు ఊళ్లో లేరు. సూర్యుడు సరిగ్గా కమాను వెనక ఉన్నాడు. ఫిట్టర్ రాములు నిచ్చెన మీది నుంచే అడిగాడు.

“సార్, ఎనక పట్టా కట్టాలె గదా?”

“ఆలస్యమవుతుంది. వద్దు.”

అతను ఇంకోసారి నా వైపు చూశాడు. తర్వాత కాగితం ఒక్కటే కట్టి దిగాడు. జామపండ్ల బండి అతణ్ని ఆపి చదవమన్నాను. అతను నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసి, “ఏదో గార్డెన్స్ సార్. ముందలది కనవడ్తలేదు” అన్నాడు. ఆ మాటను అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాను. సమయం గడిలో ఐదు అని రాశాను. దిక్కు తూర్పు. పట్టా గడిలో అవును అని రాస్తే అబద్ధం అవుతుంది, లేదు అని రాస్తే పరీక్ష చెల్లదు. అక్కడ ఒక అడ్డగీత గీశాను. నేను నమాజు చేసేవాణ్ని, అబద్ధం రాయను. ఆ రోజు ఆ మాట నాలో నేను రెండుసార్లు అనుకున్నట్టు గుర్తు.

మేనేజర్ గారు ఫలితాల వరస మాత్రమే చూసి, నా అక్షరాలను ఖరారు చేశారు. జంగారెడ్డి గారు ఒప్పుకున్నారు, ఉత్సాహం లేకుండానే. యాదమ్మ మళ్లీ వీడింగ్ బల్లకు వెళ్లింది. నాకు సంతోషం కలుగుతుందనుకున్నాను. పంటి నొప్పి ఆగినప్పుడు కలిగేలాంటి ఊరట మాత్రం కలిగింది, అదీ రెండు రోజులు.

మూడో రోజు లోపలి చిన్న బోర్డుల వినైల్ కోతకు వెళ్లింది. మా పద్ధతిలో జాబ్ కార్డు పనితోపాటే బల్ల నుంచి బల్లకు తిరుగుతుంది. మిషన్ నుంచి వచ్చిన నా అక్షరాలు, వాటికి గుచ్చిన కార్డుతో సహా, వీడింగ్ బల్లకే చేరతాయని నాకు తెలియంది కాదు. ముప్పై ఏళ్లుగా చూస్తున్నదే. అయినా ఆ సంగతి ఆ క్షణం దాకా నాకు తట్టలేదు. నేను వెళ్లేసరికి యాదమ్మ నా భోజనశాల బోర్డును శుభ్రంగా ఒలిచి పెట్టింది. ఒక్క అంచు లేవలేదు, ఒక్క ముక్క మిగలలేదు. కోపంతో ఆమె ఏదైనా చెడగొట్టి ఉంటుందని నేను ఆశించాను. అది కూడా రాయాలి.

“మీ వత్తుల పొట్టలు మూస్కపోయినయ్ సార్,” అంది తల ఎత్తకుండా. “పట్టుకారు మొన పోతలేదు. దూరం నుంచి ముద్ద లెక్క కొడ్తయ్.”

ఆమె కార్డును తిప్పి, పట్టిక మీద వేలు పెట్టింది.

“మీది పొద్దుగాల తొమ్మిది. నాది ఐదు. సరే, పని ఉండె అనుకుంట. గీడ గీ గీత ఎందుకు గీసిర్రు సార్?”

మొత్తం పట్టికలో ఆమె అడిగింది ఆ ఒక్క గీత గురించే. ఆరేళ్లు అంచులు చూసిన కన్ను అది. నేను ఏదో గొణిగి వచ్చేశాను.

మర్నాడు మసీదులో తెల్లవారుజాము ఫజర్ నమాజు తర్వాత, రోజూ చదివే రక్షణ వాక్యాలు చదువుకున్నాను. అసూయపడేవాడు అసూయపడినప్పుడు కలిగే కీడు నుంచి కాపాడమని అందులో వేడుకోవడం ఉంది. ఏడేళ్ల వయసు నుంచి ఉదయం సాయంత్రం చదువుతున్నాను. ఆ వాక్యం దగ్గరకు వచ్చినప్పుడల్లా నా మీద కన్ను వేసేవాళ్ల ముఖాలు మనసులో మెదిలేవి. ఆ రోజు ఎవరి ముఖమూ రాలేదు. జవహర్‌నగర్‌లో ఒక మనిషి ఎవరి కీడు నుంచి కాపాడమని వేడుకోవాలో నాకు అర్థమైంది.

నమాజుకు వచ్చినవాళ్లు లేచి వెళ్లాక, మా మసీదులో నమాజు చేయించే హాఫిజ్ సాబ్ దగ్గర కూర్చుని, నా స్నేహితుడి సంగతి అన్నట్టుగా అడిగాను. ఒకతను పనిలో ఒకరికి అన్యాయం చేశాడు, దేవుడి ముందు ఎంత పశ్చాత్తాపపడి తౌబా చేస్తే సరిపోతుందని. ఆయన నా వంక చూసి నెమ్మదిగా చెప్పారు.

“ఖాజా భాయ్, అల్లాహ్ హక్కైతే అల్లాహ్‌ను అడిగితే మాఫ్ చేస్తడు. గిది బందా హక్కు, సాటి మనిషిది. ఎవరిది తీస్కున్నరో ఆల్ల దగ్గర్నే అడగాలె. గీడ కూసుని ఎన్ని తస్బీ మాలలు తిప్పినా ఆల్లది ఆల్లకు పోదు.” లేస్తూ లేస్తూ, “మీ దోస్తుకు నా సలాం చెప్పుర్రి. జల్దీ పొమ్మనుర్రి, లోహం కోసేస్తే పరేషాన్ అయితడు,” అన్నారు. లోహం సంగతి నేను చెప్పలేదు. నెల రోజులుగా మసీదు మెట్ల మీద నా కొత్త బోర్డు గురించి నేను చెప్పుకున్న గొప్పలు ఆయనకు గుర్తున్నాయి.

ఆ ఉదయమే వీడింగ్ బల్ల దగ్గరకు వెళ్లాను. మిగతా ఇద్దరు వర్కర్లు అక్కడే ఉన్నారు. వాళ్లను పంపించాలనుకుని మానుకున్నాను.

“యాదమ్మా, పట్టా కావాలనే కట్టనియ్యలేదు. ఐదు గంటలు కూడా కావాలనే పెట్టిన. మాఫ్ చెయ్యమ్మా,” అన్నాను.

ఆమె పట్టుకారును కింద పెట్టలేదు. ఒక ముక్క లాగి, పక్కన డబ్బాలో వేసి, అప్పుడు మాట్లాడింది.

“నాకు మొన్ననే సమజైంది సార్. మీరు అడుగుతున్నరు, మాఫ్ జేస్త. ఏం బోయింది? గానీ నేను మాఫ్ జేస్తే కార్డు మీద అచ్చరం మారుతదా? గది కార్డుల రాయాలె గదా.”

పక్కన కూర్చున్న వర్కరు మెల్లగా, “అక్కా, పెద్దాయన,” అంది. “పెద్దాయనే గదనే,” అంది యాదమ్మ. “గందుకే సంతకం ఆయనదే చెల్లుతది.”

మా నియమం ప్రకారం ఒకసారి సంతకం పెట్టిన పరీక్షను రద్దు చేయాలంటే రిమార్కుల గడిలో ఎర్ర సిరాతో కారణం రాసి, మళ్లీ సంతకం చేయాలి. కారణం రాయకుండా రద్దు కుదరదు. నేను కార్డు తీసుకుని నా బల్ల దగ్గరకు వెళ్లాను. నిలబడే రాశాను: రెండో నమూనా పరీక్ష చెల్లదు. పట్టా కట్టలేదు. వేళ వేరు. ఇవి పొరపాట్లు కావు. పరీక్షించినవాడు పోటీదారు. కింద పేరు, హోదా, తేదీ. నా జీవితంలో ఎంతో శ్రద్ధగా రాసిన అక్షరాల్లో అవి కూడా ఉన్నాయి. వంకరగా రాయడానికి చేయి ఒప్పుకోలేదు.

శ్రీధర్ గారు కార్డు చదివారు. మళ్లీ చదివారు. కోప్పడలేదు. పెద్ద అక్షరాల లోహం కోత ఆపమని ఫోనులో చెప్పి, “మీరు ఇంతకుముందు చేసిన పరీక్షలు కూడా ఇలాంటివేనా?” అని అడిగారు. కావు అన్నాను. అది నిజమే. కాని ఆయన అడగడం సబబే. ఆ ప్రశ్నకు సంజాయిషీ ఉండదు.

రెండో పరీక్ష గురువారం జరిగింది. రెండు కాగితాలూ పక్కపక్కన, రెండింటి వెనకా పట్టా. ఉదయం తొమ్మిదింటికి ఒకసారి, సాయంత్రం ఐదింటికి ఒకసారి. ఐదు గంటలు వద్దని శ్రీధర్ గారు అంటే, ఉండనివ్వమని యాదమ్మే పట్టుబట్టింది. పెళ్లికి వచ్చేవాళ్లు ఎక్కువగా ఆ వేళకే వస్తారంది. ఆ రోజు ఆటోను ఆపించారు. జంగారెడ్డి గారు కూడా వచ్చి సర్వీసు రోడ్డు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

పొద్దున రెండూ సమంగా వచ్చాయి. ఎవరిని ఆపినా రెండింటినీ చదివారు. నాలో ఒక ఆశ తల ఎత్తింది. ఎర్ర సిరాతో రాసింది రాశాను, ఇప్పుడు న్యాయంగానే గెలిస్తే ఎవరేమంటారని. సాయంత్రం అదే జామపండ్ల బండి అతను దొరికాడు. ముందు యాదమ్మది చూపించాం.

“లచ్చవ్వ గార్డెన్స్,” అన్నాడు వెంటనే.

నాది చూపించాం. అతను కళ్లు చిన్నవి చేసుకున్నాడు. ఎదురెండలో నా వత్తుల పొట్టలు నిజంగానే మూసుకుపోయి, రెండు నల్లటి ముద్దల్లా కనబడుతున్నాయి.

“గిదీ గదేనా? కింద ఏందో బంక అంటుకున్నట్టుంది,” అన్నాడు.

జంగారెడ్డి గారు కుర్చీలోంచి లేవకుండానే, “అవ్వ నడుస్తాంది” అన్నారు. ఆయన ఎవరి కాగితాన్ని చూస్తున్నారో ఎవరూ అడగలేదు. ఆమెను ఓడించడానికి నేను ఎంచుకున్న వేళలోనే, నేను రాసిన నియమం ప్రకారమే, నేను ఓడిపోయాను. యాదమ్మ నా వైపు చూడలేదు. నిచ్చెన దగ్గరకు వెళ్లి తన కాగితాన్ని దింపుతున్న రాములుతో, “చినిగిపోతది, జర పైలం” అంది.

నాకు మెమో ఇచ్చారు. అది నా సర్వీసు ఫైలులో ఉంది. పరీక్షాధికారం ఇన్‌చార్జి నుంచి తప్పించి, నమూనాతో సంబంధం లేని ఇద్దరికి అప్పగించారు. ఒకే పేరుకు రెండు నమూనాలుంటే రెండూ ఒకే వేళకు కట్టాలనే వాక్యాన్ని పట్టిక మీద చేర్చారు. గ్రేడ్ టూ కుర్చీ మీది నా కాగితం చుట్టల్ని నేనే తీసి అటక మీద పెట్టాను.

తర్వాతి రెండేళ్లు ఆమె నా ఎదుటి బల్ల దగ్గర కూర్చుంది. ఒప్పుకుంటే అసూయ పోతుందని కొందరు అనుకోవచ్చు. నా విషయంలో పోలేదు. ఆమె కొత్త అక్షరం గీసిన ప్రతిసారీ అదే ఓర్వలేనితనం తిరిగి వచ్చేది. కాకపోతే అది ఏమిటో నాకు తెలుసు కాబట్టి, ఆమె ఏదైనా చూడమని అడిగితే వెంటనే భూతద్దం తీసి, కనిపించిన తప్పును కనిపించినట్టు చెప్పేవాణ్ని. మొదటిసారి అలా చెప్పినప్పుడు ఆమె నవ్వి, “గిది మొన్ననే సూసిన సార్. మీరు చెప్తరా లేదా అని సూస్తున్న” అంది.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఇది. తన పనిని తానే పరీక్షించుకునేవాడి సంతకానికి విలువ లేదు, అతను ఎంత నిష్ఠ గలవాడైనా సరే. అసూయ నా చేత ఒక్క అబద్ధపు అక్షరం కూడా రాయించలేదు. ఒక వేళను ఎంచుకుంది, ఒక గడిలో గీత గీసింది, అంతే. పరీక్షలు చేసేవారు తమ పట్టికల్లో ఖాళీగా వదిలిన గడులను ముందు చూసుకోవాలి. అక్షరం లోపలి ఖాళీని అక్షరమంత శ్రద్ధగా గీయాలని కూడా నేర్చుకున్నాను. అది నేర్పింది వీడింగ్ బల్ల.

ఇప్పుడు పదవీ విరమణ చేసి ఏడాది కావస్తోంది. మేడ్చల్ వైపు వెళ్లినప్పుడల్లా ఆ కమాను ముందు బండి నెమ్మది చేస్తాను. ఇంకా నా కన్ను మొదట తప్పు కోసమే వెతుకుతుంది. చదివేవారిని ఒక్కటి అడుగుతాను. మీరు ఏ విధంగా ప్రార్థించేవారైనా సరే, నాతో కలిసి ఒకసారి వేడుకోండి: ఆ అక్షరాలు కనబడినప్పుడు నా నాలుక మీదకు మాషా అల్లాహ్ అనే మాట ముందు రావాలి, నా కన్ను ఆ తర్వాత చేరాలి. ఆమీన్.